చికాగో చలికి ఏ స్కార్ఫ్ కొనాలి?

ఖమ్మం అమ్మాయి: అందరికీ నమస్తే. ఆగస్టులో ఎమ్మెస్‌కి చికాగో వచ్చాను. అక్టోబరులోనే మెడ దగ్గర గాలి దూరి వణికిపోతున్నా, జనవరి తలుచుకుంటే టెన్షన్‌గా ఉంది. అమ్మ పెట్టెలో ఒక ఉన్ని శాలువా, నాన్నకి రిటైర్మెంట్ రోజు కప్పిన శాలువా పెట్టింది. అవి సరిపోతాయా, స్కార్ఫ్ కొనాలా? షాపులో పది డాలర్లవీ ఉన్నాయి, రెండొందలవీ ఉన్నాయి. పైగా ఉన్ని తగిలితే నాకు మెడంతా దురద.

డెవాన్ అక్క: చెల్లీ, ముందు సన్మానం శాలువా సంగతి. అది ఫోటోలో మెరవడానికి నేసింది, గాలిని ఆపడానికి కాదు. దాన్ని సోఫా మీద వేసుకో.

నేను మొదటి ఏడాది చేసిన తప్పు చెప్తా. దుప్పటంత వెడల్పు, చూడ్డానికి మెత్తగా ఉంది కదా అని ఒక పెద్ద అక్రిలిక్ స్కార్ఫ్, అంటే ప్లాస్టిక్ పోగుతో చేసింది, కొన్నా. అది 2019 జనవరి. 30వ తేదీన ఇక్కడ మైనస్ 23 ఫారెన్‌హీట్ దాకా పడిపోయింది, మన లెక్కలో దాదాపు మైనస్ 31. రైలు ప్లాట్‌ఫారం మీద బటన్ నొక్కితే వెలిగే హీటర్ ఉంటుంది చూశావా, దాని కింద నిలబడినా లాభం లేకపోయింది. ముక్కు దాకా చుట్టుకున్న ఆ స్కార్ఫ్ నా ఊపిరికే తడిసి, పది నిమిషాల్లో అప్పడంలా గట్టిపడింది. గడ్డానికి ఐసు రాసుకున్నట్టే.

అక్రిలిక్ తేమని పీల్చుకోదు, పైనే ఉంచుతుంది. ఉన్ని అయితే తన బరువులో మూడో వంతు దాకా తేమని లోపలికి లాక్కున్నా తడి తెలీదు. ఎక్కువసేపు ఉంటే అదీ తడుస్తుందనుకో, అప్పుడు మడత మార్చి పొడి వైపు ముక్కుకి తెచ్చుకోవాలి. కాటన్ చున్నీ ఒక్కటే చుట్టుకుని మాత్రం బయటికి రాకు, తడిస్తే ఇక ఆరదు.

దురద గురించి. తప్పు ఉన్నిది కాదు, లావు పోగుది. మెరినో అనే గొర్రె జాతి ఉన్ని పోగు సాధారణంగా 24 మైక్రాన్ల లోపు ఉంటుంది (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు), చర్మానికి తగిలితే వంగిపోతుంది. లావు పోగు వంగదు, గుచ్చుతుంది. కాబట్టి లేబుల్ మీద మెరినో అని ఉందేమో చూడు. కొనేముందు చేతికి కాదు, మెడకి రాసి చూసుకో. అప్పటికీ పడకపోతే లోపల పల్చటి సిల్క్ చున్నీ ఒక చుట్టు చుట్టి, పైన ఉన్నిది వేసుకో. రెండు వందల డాలర్లవి కష్మీర్ అయ్యుంటాయి, మేకల లోపలి నూగు. హాయిగానే ఉంటుంది గానీ స్టూడెంట్‌కి ఎందుకు? నా దగ్గరున్నది పాత బట్టల షాపులో ఎనిమిది డాలర్లకి దొరికింది.

"పష్మీనా" (కష్మీర్ ఉన్నికే ఇంకో పేరు) అని పెద్ద అక్షరాలుంటే పడిపోకు. లోపల కుట్టిన చిన్న లేబుల్ చదువు. ఏ పోగు ఎంత శాతమో రాయాలని ఇక్కడ 1940లోనే చేసిన ఉన్ని చట్టం ఉంది. లేబుల్ ఊడిపోయిందా, పట్టుచీరకి అమ్మ చేసే పరీక్షే చెయ్యి. ఒక్క పోగు లాగి కాల్చు. జుట్టు కాలిన వాసన వచ్చి బూడిద పొడి అయితే ఉన్ని. కరిగి నల్లపూసలా గట్టిపడితే అక్రిలిక్. సింక్ దగ్గర కాల్చు తల్లీ, ఫైర్ అలారం మోగితే బిల్డింగంతా రోడ్డు మీదకొస్తుంది.

ఇంకోటి, స్కార్ఫ్‌ని బల్బుకి అడ్డంగా పట్టుకో. వెలుతురు చుక్కలు చుక్కలుగా కనబడితే మిషిగన్ సరస్సు గాలీ అలాగే దూరుతుంది. ఎంత లావుగా అల్లినా దండగే, దగ్గరగా నేసింది కావాలి. ఆరడుగుల పొడవు చాలు. సగానికి మడిచి మెడ వెనక వేసి, మడతలోంచి రెండు కొసలూ లాగి కోటు లోపలికి దోపెయ్. కాలరుకీ గడ్డానికీ మధ్య సందు మూసుకోవాలి, అసలు పని అదే. కోటు ఎలాగూ నల్లదే కొంటావు, ఇక్కడ అందరిదీ నల్లదే. స్కార్ఫ్ మాత్రం ఆవపువ్వు పసుపో, మిరపపండు ఎరుపో తీసుకో. మంచులో నీ ఫ్రెండ్స్ దూరం నుంచే గుర్తుపడతారు.

ఉతికేటప్పుడు చన్నీళ్లు, ఆరేసేటప్పుడు టవల్ మీద పరిచి. డ్రయర్‌లో వేశావో, బొమ్మకి తొడగడానికి సరిపోతుంది.

కళ్లద్దాల అన్న: అక్క చెప్పిందంతా నిజమే. కానీ అద్దాలుంటే స్కార్ఫ్ ముక్కు దాకా కడితే ఊపిరికి అద్దాలకి ఆవిరి పట్టి దారి కనపడదు. ముక్కు కిందికి జరిపి కట్టాలి. నేనైతే సిగ్గు లేకుండా మంకీ క్యాప్ పెడతా. ఇక్కడ దాన్ని బాలక్లావా అని పాతిక డాలర్లకి అమ్ముతున్నారు.

ఇద్దరు పిల్లల తల్లి: చిన్న పిల్లలకి స్కార్ఫ్ వద్దమ్మా, జారుడుబల్ల దగ్గర చిక్కుకుంటుంది. తలలోంచి తొడిగే నెక్ వార్మర్ చాలు. పెద్దవాళ్లయినా ఎస్కలేటర్ ఎక్కేటప్పుడు కొసలు లోపల పెట్టుకోండి. బండి వెనక కూర్చుంటే "చున్నీ! చున్నీ!" అని రోడ్డంతా అరిచేవాళ్లు కదా, అలా అరిచేవాళ్లు ఇక్కడ ఉండరు.

ఖమ్మం అమ్మాయి: థాంక్స్ అక్కా, అందరికీ. ఇప్పుడే అమ్మ ఇచ్చిన ఉన్ని శాలువా అంచు నుంచి ఒక పోగు లాగి సింక్ దగ్గర కాల్చాను. నల్లపూస అయింది. అమ్మకి మాత్రం చెప్పను. శనివారం పాత బట్టల షాపుకి ఎవరైనా వస్తారా?