సెకండ్ హ్యాండ్ పోర్షే 718 బాక్స్‌టర్‌కి 72 లక్షలు ఎక్కువా?

అందరికీ నమస్కారం. మాది భీమవరం దగ్గర పల్లెటూరు, రొయ్యల చెరువులు. వరసగా రెండు పట్టుబడులు కలిసొచ్చాయి, చిన్నప్పటి పిచ్చి తీర్చుకుందామని హైదరాబాద్‌లో 2018 బాక్స్‌టర్ స్పోర్ట్స్ కారు చూశాను, 21 వేల కిలోమీటర్లు తిరిగింది, రెండో ఓనరు, 72 లక్షలు చెబుతున్నాడు.

కొత్తప్పుడు ఎక్స్ షోరూమ్ ధరే 85 లక్షల పైన కదా, మరి ఇన్నేళ్ల బండికి ఇంత రేటు ఎలా నిలబడింది? అడిగితే పెట్రోల్ 718 తయారీ ఆపేశారు, ఇక ధర దిగదు అంటాడు. ఇది నిజంగా మార్కెట్ లెక్కా, అమ్మేవాడి మాటా? పోనీ ఇన్సూరెన్స్‌లో ఐడీవీ (పాలసీలో బండికి రాసే విలువ) చూద్దామంటే, ఐదేళ్లు దాటాక అది కంపెనీ, ఓనరు మాట్లాడుకుని వేసుకునే అంకె, దాన్ని పట్టుకుని బేరం ఎలా ఆడాలి? పైగా తెలంగాణ బండి, అక్కడి ఆర్టీఏ నుంచి ఎన్ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం) తెచ్చి ఇక్కడ మళ్లీ లైఫ్ ట్యాక్స్ కట్టాలి, ఆ డబ్బు రేటులో తగ్గించమని అడగొచ్చా?

మా బాబాయి అయితే "చెరువు గట్టు మీద తిప్పుతావేంట్రా దాన్ని, అడుగు తగిలి ఆగిపోద్ది" అని ఒకటే నవ్వు. అదీ నిజమే అనుకోండి.

ఇలాంటి బండి కొని కొన్నాళ్లు వాడి అమ్మినవాళ్లుంటే, ఎంతకు కొన్నారు, ఎంతకు పోయింది, సర్వీస్ రికార్డు వల్ల రేటులో ఎంత తేడా వచ్చిందో చెప్పండి. ఆదివారంలోపు అడ్వాన్స్ ఇమ్మంటున్నాడు, టెన్షన్‌గా ఉంది.