సొంతంగా బతకడం నేర్పాల్సింది ఇల్లా, కాలేజీయా?

బైరాగిపట్టెడ తండ్రి:
మా అబ్బాయి తిరుపతిలోనే రెసిడెన్షియల్ కాలేజీలో ఇంటర్ చదివాడు. ఇప్పుడు చెన్నైలో ఇంజనీరింగ్. కుక్కర్‌లో ఎన్ని నీళ్లు పోయాలో తెలియదు, జ్వరం మాత్ర తినక ముందు వేసుకోవాలో తిన్నాక వేసుకోవాలో తెలియదు, బ్యాంకులో డబ్బు కట్టే ఫారం నింపలేడు. రెండేళ్లు ఆదివారాలు కూడా పరీక్షలు పెట్టిన కాలేజీకి వీటికి వారానికి రెండు గంటలు దొరకవా? ఇంటర్ బోర్డు దీన్ని తప్పనిసరి చేయాలన్నది నా వాదన. మెస్సుకు వేలకు వేలు కట్టించుకుంటారు గానీ, ఆ వంటగది గడప పిల్లలను ఒక్కరోజూ తొక్కనివ్వరు.

గణితం అధ్యాపకుడు, చిత్తూరు:
సార్, బోర్డు చేతిలో పెడితే ఏమవుతుందో నాకు ముందే కనిపిస్తోంది. ఇంటర్‌లో పర్యావరణ విద్య, నైతికత–మానవ విలువలు అని పరీక్షలు పెట్టారు. పాసైతే చాలు, మొత్తంలో మార్కులు కలవవు. పిల్లలు ముందురోజు రాత్రి తిరగేసి రాసి వచ్చేవారు. రేపు ‘అన్నం వండు విధానమును వివరింపుము’ అని నాలుగు మార్కుల ప్రశ్న వస్తుంది, దానికి గైడు వస్తుంది. వండటం మాత్రం రాదు. సెలవులకు ఇంటికి వచ్చిన కొడుకును తిన్న కంచం కూడా తీయనివ్వని ఇళ్లు నాకు చాలా తెలుసు. అదే ఇంట్లో కూతురైతే అందరికీ వడ్డించాకే కూర్చుంటుంది. ముందు అక్కడ మొదలుపెట్టండి.

సత్యవేడు హాస్టల్ నిర్వాహకురాలు:
మీరిద్దరూ ఇంజనీరింగ్ సీటు దగ్గరే ఆగిపోయారు. శ్రీసిటీ కంపెనీల్లో పని చేసే అమ్మాయిలు మా దగ్గర ఉంటారు. చాలామందికి పద్దెనిమిది, పంతొమ్మిదేళ్లు. వంట వాళ్లకు నేర్పక్కర్లేదు, సంగటి కెలకడంలో నన్ను మించినవాళ్లున్నారు. వాళ్లను తికమక పెట్టేది జీతం చీటీ. పీఎఫ్ పొదుపు కింద మూల వేతనంలో 12 శాతం, ఈఎస్‌ఐ వైద్య బీమా కింద 0.75 శాతం పోతే, డబ్బు ఎవరో కాజేశారని ఏడుస్తారు. జ్వరం వస్తే ఈఎస్‌ఐ కార్డు పెట్టెలో పెట్టుకుని ప్రైవేటు క్లినిక్‌లో సొంత డబ్బు కడతారు. ఉద్యోగం మారినప్పుడు పీఎఫ్‌కు ఇచ్చిన పాత యూఏఎన్ సంఖ్యే కొత్త చోట ఇవ్వాలని తెలియదు. ‘పీఎఫ్ తీసిపెడతా’నని వచ్చే దళారికి అందులో వాటా ఇస్తారు. మాస్టారూ, ఇంట్లో నేర్పమంటున్నారు కదా, వీళ్ల అమ్మ కూలి డబ్బు చేతికి తీసుకున్న మనిషి. జీతం చీటీ ఆవిడ ఎన్నడూ చూడలేదు. ఆవిడ ఏం నేర్పుతుంది?

గణితం అధ్యాపకుడు, చిత్తూరు:
జీతం చీటీ నా శాతాల పాఠంలోకి వస్తుంది, దానికి బోర్డు ఉత్తర్వు అక్కర్లేదు. వంట, బట్టలు, సొంత పనులు మాత్రం ఇంటివే అంటాను.

సంరక్షణ గృహాల్లో పని చేసిన అక్క:
ఇల్లే లేనివారి మాటేమిటి అన్నా? బాలల సంరక్షణ గృహంలో పెరిగినవారు పద్దెనిమిది నిండగానే బయటికి రావాలి. 2015 నాటి బాలల న్యాయ చట్టం 46వ సెక్షన్ వారికి ఆర్థిక సాయం ‘ఇవ్వవచ్చు’ అంటుంది. అదే చట్టంలో 21 ఏళ్లు నిండేవరకు అనంతర సంరక్షణ, అంటే గృహం వదిలాక ఇచ్చే ఆసరా, అనే మాట ఉంది. కేంద్రం బాలల పథకం మిషన్ వాత్సల్య కింద దానికి నెలకు రూ.4,000 కేటాయింపు ఉంది. ఆ డబ్బు అందిందనే అనుకుందాం. తిరుపతిలో గది అడిగితే ఇంటి యజమాని మొదటి ప్రశ్న ‘మీ నాన్న ఏం చేస్తారు?’ దానికి ఏం చెప్పాలో, అడ్వాన్సుకు రసీదు ఎలా అడగాలో ఎవరు నేర్పారు? గంట కొడితే తిని, గంట కొడితే పడుకున్న పిల్లవాడికి నెల చివరి వారానికి బియ్యం మిగుల్చుకోవాలన్న ఆలోచన ఎక్కడి నుంచి వస్తుంది? నేను చూసిన చోట భద్రత పేరు చెప్పి పొయ్యి దగ్గరికే రానివ్వలేదు.
పాఠాలు వద్దు. పదహారేళ్లు దాటాక నెలకో వారం వాళ్ల చేతికే డబ్బు ఇవ్వాలి. సరుకుల చీటీ వాళ్లే రాయాలి, కొనాలి, వండాలి. అన్నం మాడితే ఆ పూటకు మాడిన అన్నమే.

బైరాగిపట్టెడ తండ్రి:
అక్క చెప్పింది బాగుంది. మాస్టారూ, తరగతి వద్దు, మార్కులూ వద్దు. ఆదివారం ఒక పూట మెస్సు పిల్లలకు అప్పగించమందాం. మగపిల్లల హాస్టల్లోనూ.

గణితం అధ్యాపకుడు, చిత్తూరు:
గ్యాసు దగ్గర ఏదైనా జరిగితే ఎవరు జవాబు చెబుతారు? ఏ యాజమాన్యమూ ఒప్పుకోదు.

సత్యవేడు హాస్టల్ నిర్వాహకురాలు:
ఆ భయంతోనే కదా రెగ్యులేటర్ తిప్పడం కూడా రాని పిల్లలు తయారయ్యారు. వాసన వస్తే స్విచ్చు ముట్టుకోకుండా కిటికీలు తెరవాలని, 1906కు ఫోను చేయాలని మా అమ్మాయిలకు చేరిన రోజే చెబుతాను. అయిదు నిమిషాల పని.

బైరాగిపట్టెడ తండ్రి:
మా చిన్నవాడు అదే కాలేజీలో మొదటి సంవత్సరం. వచ్చే తల్లిదండ్రుల సమావేశంలో అడుగుతాను. ప్రిన్సిపాల్‌ను ఒప్పించవచ్చేమో గానీ, ఆదివారం పరీక్ష ఎందుకు తీసేశారని లేచే తండ్రులకు ఏం చెప్పాలో మాత్రం మీరే సలహా ఇవ్వాలి మాస్టారూ.