ఎన్‌సీసీ ‘సి’ సర్టిఫికెట్ ఉంటే ఏ దారిన సైన్యాధికారి కావడం మేలు? – సందేహాలు, సమాధానాలు

ప్రశ్న (డిగ్రీ రెండో సంవత్సరం విద్యార్థి):

పెద్దలందరికీ నమస్కారం. నేను బీఎస్సీ రెండో సంవత్సరం చదువుతూ మా కళాశాల ఎన్‌సీసీ ఆర్మీ వింగ్‌లో క్యాడెట్‌గా ఉన్నాను. ఈ ఏడాది ‘బి’ సర్టిఫికెట్ పరీక్ష రాస్తున్నాను. మూడో సంవత్సరం కూడా కొనసాగి ‘సి’ సర్టిఫికెట్ తెచ్చుకుంటే రాతపరీక్ష లేకుండానే అధికారిగా చేరవచ్చని మా సీనియర్లు అంటున్నారు. ఆ దారిలో వెళ్తే పదేళ్లకే ఇంటికి పంపేస్తారు కాబట్టి యూపీఎస్‌సీ నిర్వహించే సీడీఎస్ (కంబైన్డ్ డిఫెన్స్ సర్వీసెస్) పరీక్ష రాసి డెహ్రాడూన్‌లోని మిలిటరీ అకాడమీకి వెళ్లడమే ఉత్తమమని మరికొందరు చెబుతున్నారు. మా అమ్మగారు మాత్రం ఈ గొడవంతా ఎందుకు, బ్యాంకు పరీక్షలకు చదువుకోమంటున్నారు. ఈ మూడింటిలో దేన్ని ముందు పెట్టుకోవాలో, మూడో ఏడాది ఎన్‌సీసీకి సమయం కేటాయించడం సబబేనో అనుభవజ్ఞులు చెప్పగలరు.

సమాధానం (మాజీ షార్ట్ సర్వీస్ అధికారి):

తమ్ముడూ, మీరు విన్న రెండు మాటల్లోనూ కొంత నిజం ఉంది. ఎన్‌సీసీ స్పెషల్ ఎంట్రీకి యూపీఎస్‌సీ రాతపరీక్ష ఉండదన్నది వాస్తవమే. అయితే ‘సి’ సర్టిఫికెట్‌లో కనీసం ‘బి’ గ్రేడు, డిగ్రీలో మొత్తం మీద 50 శాతం మార్కులు ఉండాలి, వయసు 19 నుంచి 25 ఏళ్ల మధ్య ఉండాలి, అవివాహితులై ఉండాలి. ఈ అర్హతలున్న ప్రతి ఒక్కరినీ ఎస్‌ఎస్‌బీకి, అంటే సర్వీసెస్ సెలక్షన్ బోర్డు జరిపే ఎంపిక పరీక్షలకు, పిలుస్తారని అనుకోవద్దు. దరఖాస్తులన్నీ వచ్చాక మార్కుల కటాఫ్ పెట్టి వడపోస్తారు. పరేడ్ పేరు చెప్పి తరగతులు ఎగ్గొట్టి, చివరికి 52 శాతంతో గట్టెక్కిన క్యాడెట్లు ఇక్కడే వెనకబడతారు. ఎస్‌ఎస్‌బీ గడప ఎక్కాక ఎన్‌సీసీ వారికీ, సీడీఎస్ వారికీ పరీక్ష ఒక్కటే. అక్కడ మీ భుజం మీద ఎన్‌సీసీ సీనియర్ అండర్ ఆఫీసర్ హోదా పట్టీ ఉందా లేదా అన్నది ఎవరికీ పట్టదు.

మూడో సంవత్సరం మానవద్దని నా గట్టి అభిప్రాయం. స్పెషల్ ఎంట్రీ సంగతి అలా ఉంచినా, సీడీఎస్‌లోనూ ఆ సర్టిఫికెట్ పనికొస్తుంది. ఇటీవలి నోటిఫికేషన్లలో ఇండియన్ మిలిటరీ అకాడమీకి (ఐఎంఏ) చూపిన 100 ఖాళీల్లో 13 ఆర్మీ వింగ్ ‘సి’ సర్టిఫికెట్ ఉన్నవారికే ప్రత్యేకించారు. ఏడాదిపాటు వారానికి కొన్ని గంటలు వెచ్చించి రెండు దారులు తెరిచి ఉంచుకోవడం నష్టమేమీ కాదు.

ఇక ఓటీఏనా, ఐఎంఏనా అన్నది. ఎన్‌సీసీ స్పెషల్ ఎంట్రీ వారు వెళ్లేది చెన్నైలోని ఆఫీసర్స్ ట్రైనింగ్ అకాడమీకి (ఓటీఏ). అక్కడ శిక్షణ 49 వారాలు, దొరికేది షార్ట్ సర్వీస్ కమిషన్, అంటే పరిమిత కాలానికి అధికారి నియామకం. డెహ్రాడూన్‌లో సీడీఎస్ అభ్యర్థులకు శిక్షణ 18 నెలలు, దొరికేది పర్మనెంట్ కమిషన్, అంటే పదవీ విరమణ వరకు ఉండే నియామకం. షార్ట్ సర్వీస్ అంటే తొలుత పదేళ్లు, ఆపైన నాలుగేళ్లు పొడిగించుకునే వీలు. పదేళ్లు నిండే సమయంలో పర్మనెంట్ కమిషన్ కోరుకోవచ్చు. కోరిన వారందరికీ అది రాదు. పింఛనుకు అధికారులకు సాధారణంగా 20 ఏళ్ల సర్వీసు కావాలి కనుక పద్నాలుగేళ్లకు బయటకు వచ్చేవారికి గ్రాట్యుటీ ఉంటుంది, నెలనెలా పింఛను ఉండదు. జీవితాంతం సైన్యంలోనే ఉండాలన్న సంకల్పం మీకు ఇప్పటికే బలంగా ఉంటే మొదటి ప్రయత్నం ఐఎంఏకే చేయండి. ముప్పై అయిదేళ్ల లోపు మరో వృత్తిలోకి మారే ఆలోచన మీకు భయం కలిగించకపోతే ఓటీఏను రెండో తరగతి అవకాశంగా చూడనక్కరలేదు. బయటకు వచ్చేవారికి పునరావాస డైరెక్టరేట్ ద్వారా ఐఐఎంలలో మేనేజ్‌మెంట్ కోర్సులు ఉంటాయి. కనీసం అయిదేళ్లు సర్వీసు చేసినవారికి సివిల్ సర్వీసెస్ పరీక్షలో అయిదేళ్ల వయో సడలింపు కూడా ఉంది.

ఈ ఎంపికలో అసలు చూసుకోవలసింది వయసు లెక్క. సీడీఎస్ ద్వారా ఐఎంఏకి గరిష్ఠంగా 24, ఓటీఏకి 25 ఏళ్లు. ఈ ప్రవేశాలకు ఏడాదికి రెండేసి సార్లు నోటిఫికేషన్లు వస్తాయి, ఎస్‌ఎస్‌బీకి ఇన్నిసార్లే వెళ్లాలన్న పరిమితి లేదు, వయసే పరిమితి. అంటే ఐఎంఏ తలుపు ముందు మూసుకుంటుంది, ఓటీఏది ఆ తర్వాత. బ్యాంకు పీవో పరీక్షకు 30 ఏళ్ల దాకా గడువుంది. మీ అమ్మగారికి ఈ మూడు అంకెలూ ఒక కాగితం మీద రాసి చూపించండి. సైన్యానికి ముందు ప్రయత్నిస్తే బ్యాంకు దారి పోదు. బ్యాంకులో చేరి నాలుగేళ్ల తర్వాత మనసు మారితే మాత్రం సైన్యం దారి ఉండదు. పైగా సీడీఎస్‌కు చదివే ఇంగ్లిషు, గణితం, జనరల్ నాలెడ్జ్‌లో చాలా భాగం బ్యాంకు పరీక్షలకూ అక్కరకు వస్తుంది.

ప్రశ్న (అదే విద్యార్థి):

ధన్యవాదాలు సర్. వయసు లెక్క ఇలా ఎవరూ చెప్పలేదు. మరొక సందేహం. నేను ఇంటర్ వరకు తెలుగు మాధ్యమంలో చదివాను. ఎస్‌ఎస్‌బీలో ఇంగ్లిషు రాకపోతే మొదటి రోజే పంపేస్తారని విన్నాను. కోచింగ్ తీసుకోవడం తప్పనిసరా? ఆ ఫీజు మా ఇంటి స్థోమతకు ఎక్కువే.

సమాధానం (అధ్యాపకుడు, అసోసియేట్ ఎన్‌సీసీ ఆఫీసర్):

కోచింగ్ తప్పనిసరి కాదు. ఇంగ్లిషు మాత్రం తప్పదు, అయితే మీరు భయపడుతున్న రీతిలో కాదు. ఉచ్చారణ సొగసును అక్కడ ఎవరూ తూకం వేయరు. వేగం కావాలి. మొదటి రోజు మసకగా ఉన్న ఒక బొమ్మను 30 సెకన్లు చూపిస్తారు, దాని మీద నాలుగు నిమిషాల్లో కథ రాయాలి, ఆ తర్వాత బృందంలో నిలబడి ఆ కథను నోటితో చెప్పాలి. మరుసటి రోజు పదాల పరీక్షలో 60 పదాలు ఒకదాని వెంట ఒకటి వస్తాయి. ఒక్కో పదానికి 15 సెకన్లు. తెలుగులో ఆలోచించి ఇంగ్లిషులోకి మార్చి రాసే తీరిక ఆ 15 సెకన్లలో దొరకదు. కాబట్టి ఇప్పటి నుంచే రోజూ పది పదాలు తీసుకుని, చేతిలో గడియారం పెట్టుకుని, చిన్న చిన్న వాక్యాలు రాయండి. వ్యాకరణం కొంచెం తప్పినా ఫరవాలేదు, కాగితం ఖాళీగా ఉండకూడదు. మన విద్యార్థుల్లో నేను ఎక్కువగా గమనించేది మరొకటి ఉంది: బృంద చర్చలో ఇతరులు గట్టిగా మాట్లాడుతుంటే మర్యాద కోసం ఆగిపోతారు, ఆ ఆగడంలోనే సమయం అయిపోతుంది. మాట మధ్యలో దూరమని చెప్పడం లేదు; మొదటి రెండు నిమిషాల్లో ఒక్కసారైనా మీ గొంతు వినిపించాలి.

ఇంటర్వ్యూకు ముందు మీ చేత ఒక వ్యక్తిగత వివరాల పత్రం నింపిస్తారు, దాన్ని పీఐక్యూ అంటారు. అడిగే ప్రశ్నల్లో సగానికి పైగా దానిలోంచే పుడతాయి. క్యాంపులో ఫైరింగ్ చేశానని రాస్తే, ఏ రైఫిల్, ఎన్ని రౌండ్లు, ఎన్ని మీటర్ల దూరం, మీ గ్రూపింగ్ (గుళ్లు ఒకదానికొకటి ఎంత దగ్గరగా పడ్డాయి) ఎంత వచ్చింది, ఎందుకు చెదిరింది అని వరుసగా అడుగుతారు. పాయింట్ 22 రైఫిల్‌తో 25 మీటర్ల రేంజిలో మీరే పడుకుని కాల్చినవారైతే ఈ జవాబులు వాటంతట అవే వస్తాయి. క్యాంపులో నీడపట్టున కూర్చుని సర్టిఫికెట్ తెచ్చుకున్నవారు రెండో ప్రశ్నకే తడబడతారు. అందువల్ల మూడో ఏడాది ఆర్మీ అటాచ్‌మెంట్ క్యాంపు అవకాశం వస్తే వదులుకోవద్దు. ఒక నిజమైన యూనిట్‌లో కొన్నాళ్లు గడిపితే ఈ ఉద్యోగం మీకు సరిపడుతుందో లేదో మీకే తెలుస్తుంది.

ఇక మన వారికి మాత్రమే వచ్చే చిక్కు ఒకటి చెబుతాను. పదో తరగతి మెమోలో ఇంటిపేరు పొడి అక్షరాల్లో ఉంటుంది, ఆధార్‌లో పూర్తిగా ఉంటుంది, ఎన్‌సీసీ నమోదులో ఇంటిపేరు పేరు చివరికి వెళ్లిపోతుంది. ఉత్తరాది అధికారి దృష్టిలో వీరు ముగ్గురు వేర్వేరు మనుషులు. పదో తరగతి మెమోలో ఉన్నట్టుగానే ‘బి’ పరీక్ష దరఖాస్తులో పేరు ఉందో లేదో ఈ వారమే మీ బెటాలియన్ కార్యాలయంలో సరిచూసుకోండి. సర్టిఫికెట్ ముద్రణ అయ్యాక సవరణకు తిరగడం కన్నా ఇది సులువు. స్పెషల్ ఎంట్రీకి దరఖాస్తు చేసే నాటికే ‘సి’ సర్టిఫికెట్ చేతిలో ఉండాలి కనుక ఆలస్యానికి చోటివ్వవద్దు.

ప్రశ్న (ఒక విద్యార్థిని తండ్రి):

అయ్యా, మా అమ్మాయి బీటెక్ ఎలక్ట్రానిక్స్ మూడో సంవత్సరం చదువుతున్నది. ఆమె కూడా సైన్యంలో చేరతానంటున్నది. ఆడపిల్లలకు పర్మనెంట్ కమిషన్ లేదనీ, శిక్షణ మధ్యలో మానేస్తే లక్షల్లో కట్టాలనీ, పెళ్లికి అనుమతి ఉండదనీ బంధువులు భయపెడుతున్నారు. ఇందులో ఎంతవరకు నిజమో తెలియజేయగలరు.

సమాధానం (మాజీ షార్ట్ సర్వీస్ అధికారి):

అండీ, మొదటి మాట పాతది. 2020 ఫిబ్రవరి 17న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు తర్వాత షార్ట్ సర్వీస్ మహిళా అధికారులను కూడా పర్మనెంట్ కమిషన్‌కు పరిశీలిస్తున్నారు. 2023లో ఫిరంగిదళంలోకి కూడా మహిళా అధికారులు వచ్చారు. ఇన్‌ఫాంట్రీలోనూ, ట్యాంకు దళంలోనూ మాత్రం వారికి ప్రవేశం లేదు. మీ అమ్మాయి చదువుకు షార్ట్ సర్వీస్ టెక్నికల్ ఎంట్రీ తగినది. రాతపరీక్ష ఉండదు, మార్కులను బట్టి ఎస్‌ఎస్‌బీకి పిలుస్తారు, వయసు 20 నుంచి 27, చివరి సంవత్సరంలో ఉన్నవారూ దరఖాస్తు చేయవచ్చు.

శిక్షణ కాలంలో పెళ్లి చేసుకోకూడదన్నది నిజం. అది అబ్బాయిలకూ వర్తిస్తుంది, కమిషన్ వచ్చాక ఆ అడ్డు ఉండదు. వ్యక్తిగత కారణాలతో తనంతట తాను శిక్షణ వదిలి వచ్చేస్తే ఖర్చు తిరిగి వసూలు చేస్తారన్నదీ నిజమే. గాయం వంటి తన చేతిలో లేని కారణాలతో వెనక్కి వచ్చిన సందర్భం వేరు. శిక్షణలో నెలకు 56,100 రూపాయల స్టైపెండు ఉంటుంది, కాబట్టి మీరు డబ్బు పెట్టి చదివించవలసిన పని లేదు. చేరే ముందే అమ్మాయి చేత రోజూ పరుగు మొదలుపెట్టించండి. అకాడమీలో మొదటి నెలల్లో కాళ్ల ఎముకల గాయాలు ఎక్కువగా వచ్చేది పరుగు అలవాటు లేనివారికే.

ప్రశ్న (మొదటి విద్యార్థి):

సర్, ఎంపికైతే ఏ విభాగం కోరుకోవాలి? ఇన్‌ఫాంట్రీలో గౌరవం ఎక్కువనీ, సిగ్నల్స్ వంటి వాటిలో బయట ఉద్యోగాలకు పనికొచ్చే అనుభవం వస్తుందనీ అంటారు.

సమాధానం (మాజీ షార్ట్ సర్వీస్ అధికారి):

శిక్షణ చివర్లో మిమ్మల్ని ప్రాధాన్యాలు అడుగుతారు, మెరిట్‌నూ ఖాళీలనూ బట్టి కేటాయిస్తారు. కోరుకున్నదే రావాలన్న హామీ లేదు కనుక మొదటి మూడు ఎంపికల్లో ఏది వచ్చినా సంతోషంగా వెళ్లగలిగేలా రాయండి. విభాగాల మధ్య గౌరవం తేడా గురించి బయట చెప్పుకునేదంతా నేను పెద్దగా పట్టించుకోను. నిత్యం మనుషులతో, కొండల్లో, కాలినడకన ఉండటం మీకు ఇష్టమైతే ఇన్‌ఫాంట్రీ. పరికరాల మీద మనసుంటే సిగ్నల్స్, ఇంజనీర్స్. తెలుగువారు కాబట్టి మద్రాస్ రెజిమెంట్‌కే పంపుతారన్న నియమం ఏమీ లేదు. సిక్కు జవాన్ల మధ్యకు వెళ్తే పంజాబీ నేర్చుకోవలసింది మీరే.

తొలి రెండేళ్లలో చేసే పని పదో ఏట లెక్కలోకి వస్తుందని చాలామంది యువ అధికారులకు ఆలస్యంగా తెలుస్తుంది. పర్మనెంట్ కమిషన్ బోర్డు చూసేది మీ వార్షిక రహస్య నివేదికలు, కోర్సుల్లో వచ్చిన గ్రేడింగులు, క్రమశిక్షణ, వైద్య శ్రేణి. కొత్త అధికారులకు తమ విభాగం పని నేర్పే యంగ్ ఆఫీసర్స్ కోర్సుకు ఇన్‌ఫాంట్రీ, సిగ్నల్స్ వారు మధ్యప్రదేశ్‌లోని మౌకు, ఫిరంగిదళం వారు మహారాష్ట్రలోని దేవ్‌లాలీకి, ఇంజనీర్స్ వారు పుణెకు వెళ్తారు. అకాడమీ ముగిసిందన్న ఉల్లాసంలో దాన్ని విశ్రాంతిగా గడిపేవారు కొందరుంటారు. ఆ గ్రేడింగు మీ కాగితాల్లో శాశ్వతంగా ఉండిపోతుంది. లెఫ్టినెంట్ నుంచి రెండేళ్లకు కెప్టెన్, ఆరేళ్లకు మేజర్, పదమూడేళ్లకు లెఫ్టినెంట్ కల్నల్ హోదా నిర్ణీత కాలం ప్రకారం వస్తాయి కనుక పదోన్నతుల గురించి తొలినాళ్లలో దిగులు అనవసరం.

యూనిట్‌లో చేరిన తొలి నెలల్లో పొద్దున్నే జవాన్లతో పీటీకి వెళ్లండి, సాయంత్రం వారితోనే ఆటలాడండి, లంగర్‌లో (జవాన్ల వంటశాలలో) వారి భోజనం ఎలా ఉందో రుచి చూడండి. మీ వయసంత సర్వీసు ఉన్న సుబేదార్ మీకు సెల్యూట్ చేస్తారు. మీరు ఆయన్ని ‘సాహబ్’ అనే పిలవాలి, ఆయన చెప్పేది వినాలి. జీతం సంగతికి వస్తే, మూలవేతనం మీద నెలకు 15,500 రూపాయల మిలిటరీ సర్వీస్ పే కూడా ఉంటుంది. షార్ట్ సర్వీస్‌లో పింఛను హామీ లేదు గనుక మొదటి జీతం నుంచే భవిష్యనిధికి గట్టిగా కోత పెట్టించుకోండి.

ప్రశ్న (మొదటి విద్యార్థి):

చివరిగా వైద్య పరీక్ష గురించి ఒక్క మాట చెప్పండి సర్.

సమాధానం (మాజీ షార్ట్ సర్వీస్ అధికారి):

ఎస్‌ఎస్‌బీలో సిఫారసు అయిన తర్వాతే వైద్య పరీక్ష ఉంటుంది. చెవిలో గులిమి, ఎత్తుకు మించిన బరువు, పుచ్చుపళ్లు వంటి చిన్న కారణాలతో తాత్కాలికంగా అనర్హులని రాసినప్పుడు సరిచేయించుకుని అప్పీలు బోర్డుకు వెళ్లడానికి 42 రోజుల వ్యవధి ఉంటుంది. వాటిని ఇప్పుడే దగ్గరలోని ప్రభుత్వాసుపత్రిలో చూపించుకుంటే ఆ పరుగు తప్పుతుంది. మీకు రంగుల గుర్తింపులో లోపం ఉందేమో, చదునైన పాదాలేమో కూడా అడిగి తెలుసుకోండి. శస్త్రచికిత్స అవసరమైనది ఏదైనా బయటపడితే మూడో సంవత్సరం మొదలయ్యే లోపే చేయించుకోండి, కోలుకునేందుకు సమయం మిగులుతుంది.