సైటు రీడిజైన్ చేస్తే గూగుల్‌లో ర్యాంకు పెరుగుతుందా, పడుతుందా?

నేత_అంగడి
చేనేత చీరల దుకాణానికి 2016లో కట్టించిన వర్డ్‌ప్రెస్ సైటు. పేజీలు 60కి అటూ ఇటూ. "పోచంపల్లి ఇక్కత్ పట్టు చీరలు" అని వెతికితే రెండో పేజీలో ఎక్కడో తేలుతోంది. థీమ్ (సైటు రూపాన్ని నిర్ణయించేది) మొత్తం మార్చేస్తే మొదటి పేజీలోకి వస్తుందని డిజైనర్ల మాట. నిజమేనా? నిజమైతే ఏ కారణంతో? "చూడ్డానికి బాగుంటుంది కదా" అనే జవాబు మాత్రం వద్దండి.

పాత_కోడ్
రాదండి. రంగులూ అంచులూ చూసి గూగుల్ ర్యాంకు ఇవ్వదు. పేజీలో రాత, టైటిల్, లోపలి లింకులు, బయటి సైట్ల నుంచి వచ్చే లింకులు, ప్రధానంగా చూసేవి ఇవి. రీడిజైన్‌లో ఇవి బాగుపడటం కంటే చెడిపోవడమే ఎక్కువ.

పెద్ద నష్టం చిరునామాలతో. పాత సైటులో /ఇక్కత్-పట్టు అని ఉన్న పేజీ కొత్తదాంట్లో /కలెక్షన్/పట్టు/ఇక్కత్ అయిపోతుంది. పాతదాన్నుంచి కొత్తదానికి 301 రీడైరెక్ట్ (శాశ్వతంగా మళ్లించే ఏర్పాటు) పెట్టకపోతే ఇన్నేళ్లుగా ఆ పేజీకి పోగైన లింకుల విలువ 404 (పేజీ లేదనే జవాబు) పాలు. కొందరు అతితెలివితో అన్నిటినీ కలిపి హోమ్ పేజీకి మళ్లిస్తారు. సంబంధం లేని పేజీకి మళ్లిస్తే గూగుల్ సాఫ్ట్ 404గా లెక్కేస్తుంది, అంటే రీడైరెక్ట్ పెట్టనట్టే.

ఇంకోటి, వర్డ్‌ప్రెస్ సెట్టింగ్స్‌లో రీడింగ్ కింద సెర్చ్ ఇంజిన్లను వద్దనే టిక్కు. పని నడిచేటప్పుడు పెడతారు, లైవ్ చేసిన రోజు తీయడం మరిచిపోతారు. పేజీలు ఒక్కొక్కటే గూగుల్ ఇండెక్స్‌లోంచి (దాని పేజీల పట్టీ) జారిపోతాయి కాబట్టి చాన్నాళ్లు ఎవరికీ తెలియదు.

ఇక "క్లీన్ లుక్" సంగతి. 400 పదాల వివరణ పీకేసి పెద్ద ఫొటో పెడతారు, దాని కింద "సంప్రదాయానికి సరికొత్త రూపం" అని ఒక ముక్క. ఆ మాట పెట్టి చీరలు ఎవరు వెతుకుతారు?

వేగం_ముందు
చెత్తగా చేసిన రీడిజైన్‌ని చూపించి రీడిజైనే వద్దంటే ఎలా? 2016 థీమ్ అంటున్నారు. ఇప్పుడు గూగుల్ సైటును ఫోన్ కళ్లతోనే చూస్తుంది. మొబైల్ వెర్షన్‌లో అసలు లేని రాత దాని లెక్కలో లేనట్టే. ఆనాటి థీముల్లో కొన్నిటికి ఫోన్ వెర్షన్‌లో వివరాలు కత్తిరించే అలవాటు ఉండేది.

వేగం కూడా గూగుల్ కొలుస్తుంది. ప్రధాన బొమ్మో రాతో కనిపించడానికి 2.5 సెకన్లు, లేఅవుట్ కదలిక (పేజీ తెరుచుకుంటుంటే రాత, బొమ్మలు పక్కకు జరగడం) స్కోరు 0.1, నొక్కితే స్పందనకు 200 మిల్లీసెకన్లు, వీటిలోపు ఉండాలి. మూడోది 2024 మార్చిలో పాత కొలత స్థానంలో వచ్చింది. నాలుగు భారీ ఫొటోల స్లైడరు, పేజ్ బిల్డరు, పాతిక ప్లగిన్లు ఉన్న సైటుకు అతుకులేయడం కంటే కొత్తగా కట్టడమే చవక.

పాత_కోడ్
మీరు చెప్పినవన్నీ విడివిడి రిపేర్లు. స్లైడరు తీసేసి, ఒక్క బొమ్మను వెబ్‌పీలో (తక్కువ సైజు బొమ్మల ఫార్మాట్) 100 కేబీ దగ్గరికి తెచ్చి, దానికి లేజీ లోడ్ (బొమ్మను ఆలస్యంగా తెచ్చే పద్ధతి) ఆపేస్తే ఆ 2.5 సెకన్ల గొడవ చాలావరకు పాత థీమ్‌లోనే తీరుతుంది. కొత్త థీములు కొన్ని ఆ మొదటి బొమ్మకే లేజీ లోడ్ తగిలించి పరిస్థితిని ఇంకా దిగజారుస్తాయి.

పైగా ఆ కొలతలు క్రోమ్ వాడే అసలు మనుషుల 28 రోజుల డేటా మీద లెక్కించేవి. చిన్న దుకాణానికి సరిపడా సందర్శకులే లేకపోతే ఆ డేటానే ఉండదు. డిజైనర్లు చూపించే లైట్‌హౌస్ (గూగుల్ వేగ పరీక్ష సాధనం) 98 మార్కులు ల్యాబ్ పరీక్షవి, ర్యాంకు వాటి మీద పడదు.

మ్యాప్_దగ్గర
ఒక్క మాట. "దగ్గర్లో చీరల షాపు" అని వెతికేవాళ్లకు పైన కనిపించే మూడు పేర్లు ప్రధానంగా గూగుల్ బిజినెస్ ప్రొఫైల్ (మ్యాప్‌లో దుకాణం వివరాల పేజీ) చలవ. దూరం, వెతికినదానికి పొంతన, పేరుప్రఖ్యాతులు అక్కడి లెక్క. కేటగిరీ, పనివేళలు, రివ్యూలకు జవాబులు సరిచేసుకోవడానికి పైసా ఖర్చు లేదు. రీడిజైన్‌లో చూసుకోవాల్సింది ఒకటే: ప్రొఫైల్‌లో ఇచ్చిన లింకు కొత్త సైటులో 404 కాకూడదు.

అచ్చు_లిపి
తెలుగు సైట్ల విషయంలో నేను వేగం_ముందు గారి వైపే, కారణం వేరు. పాత దుకాణాల సైట్లలో తెలుగు వివరాలు చాలాసార్లు డీటీపీలో అను ఫాంట్‌తో (యూనికోడ్ కాని పాత పద్ధతి) కొట్టించిన కరపత్రాలు, బొమ్మలుగా ఎక్కించినవి. అసలు డీటీపీ ఫైల్లోంచి రాతను కాపీ చేసినా తెలుగు రాదు, పిచ్చి గుర్తులొస్తాయి. గూగుల్‌కు అక్కడ చదవడానికి ఏమీ లేదు. ఆ రాతంతా యూనికోడ్‌లో (ఫోన్లు, గూగుల్ గుర్తించే అక్షరాలు) మళ్లీ టైప్ చేయిస్తే ఆ పేజీ తెలుగు వెతుకులాటలకు మొదటిసారి అందుతుంది.

చిరునామాల దగ్గర జాగ్రత్త. ఒక్కో తెలుగు అక్షర సంకేతం (గుణింతం, పొల్లు కూడా విడిగా లెక్కే) చిరునామాలో 9 గుర్తులవుతుంది. చిరునామాలో వర్డ్‌ప్రెస్ పేజీ పేరుకు హద్దు 200 గుర్తులు. "పోచంపల్లి-ఇక్కత్-పట్టు-చీరలు" 228 అవుతుంది, కనుక చివరి మాట "చ" దగ్గరే తెగిపోతుంది. ఇప్పుడున్న చిరునామాలు అలా తెగినవైతే రీడైరెక్ట్ పట్టీలో తెగిన రూపాన్నే రాయాలి, పూర్తి మాటను కాదు.

పాత_కోడ్
యూనికోడ్ సంగతి ఒప్పుకుంటాను. అయితే దానికి థీమ్ మార్చక్కర్లేదు.

వేగం_ముందు
అక్కర్లేదు. కానీ దుకాణదారు డబ్బు తీసేది రీడిజైన్ అన్నప్పుడే. ఆ బడ్జెట్‌లోనే ఇవన్నీ చేయించుకోవాలి. "మా చీరలు" అని అన్నీ కలిపి కుక్కిన ఒక్క పేజీని విడగొట్టడం కూడా అందులోదే. డబుల్ ఇక్కత్‌కు ఒకటి, తేలియా రుమాల్‌కు ఒకటి, ధరల శ్రేణి, నేత రకం, ఉతికే పద్ధతి రాసి.

నేత_అంగడి
అయితే ఏ వరుసలో చేయించాలి?

పాత_కోడ్
రాత ముందు, థీమ్ తర్వాత. మధ్యలో కనీసం ఆరు వారాలు. రెండూ ఒకే రోజు మారిస్తే ర్యాంకు పెరిగినా పడినా దేనివల్లో తేలదు.

స్క్రీమింగ్ ఫ్రాగ్ (సైటులోని చిరునామాలన్నీ పట్టీ తీసే ప్రోగ్రాం) ఉచిత వెర్షన్ 500 చిరునామాల దాకా చదువుతుంది, మీకు చాలు. గూగుల్ సెర్చ్ కన్సోల్ (ఏ మాటకు ఏ స్థానం, ఎన్ని క్లిక్కులో చూపే సాధనం) డేటా 16 నెలలదే ఉంటుంది, మొదలుపెట్టేముందే దించుకోండి. ఒక షీటులో పాత చిరునామా, కొత్త చిరునామా, టైటిల్, క్లిక్కులు. వీలైతే చిరునామాలు అసలు మార్చకండి. మారిస్తే ఒకే దూకుడులో, పాతదాన్నుంచి నేరుగా కొత్తదానికి 301, గొలుసు వద్దు, కనీసం ఏడాది ఉంచాలి. టెస్ట్ సైటుకు నోఇండెక్స్ (ఆ టిక్కు పెట్టే సూచన) బదులు పాస్‌వర్డ్ పెట్టించండి, ఆ టిక్కు మరిచిపోయే ప్రమాదమే ఉండదు. ఎస్ఈఓ ప్లగిన్ (టైటిళ్ల లాంటివి చూసుకునే అదనపు ప్రోగ్రాం) కూడా మారుస్తుంటే పాత టైటిళ్లు దిగుమతి అయ్యాయో లేదో చూడాలి. లైవ్ చేశాక సెర్చ్ కన్సోల్‌లో సైట్‌మ్యాప్ (పేజీల పట్టీ) పంపి, ఎక్కువ క్లిక్కులున్న ఐదారు పేజీలను అక్కడి యూఆర్ఎల్ ఇన్‌స్పెక్షన్‌లో పరీక్షించండి.

అచ్చు_లిపి
ఆషాఢం చివర్లో లైవ్ చేసి, శ్రావణంలో గ్రాఫ్ పెరిగిందని చూపిస్తే నమ్మకండి! చీరల వెతుకులాట అప్పుడు ఎలాగూ పెరుగుతుంది. నిరుటి తేదీలతో పోల్చినా తేడా కొడుతుంది. 2023లో అధికమాసం వల్ల నిజ శ్రావణం ఆగస్టు 17న మొదలైంది, 2024లో ఆగస్టు 5నే. తిథుల ప్రకారం పోల్చాలి, అదీ క్లిక్కులు కాదు, ఒక్కో మాటకు సగటు స్థానం.

నేత_అంగడి
మూడు వారాలకు పడిపోతే పాత థీమ్‌కి వెనక్కి వెళ్లాలా?

పాత_కోడ్
తొందరపడకండి. చిరునామాలు మారిన సైటు కుదురుకోవడానికి కొన్ని వారాలు పడుతుంది. ముందు షీటు తీసి ఏ పేజీలు పడ్డాయో చూడండి. అన్నీ పడితే ఆ టిక్కో రోబోట్స్ ఫైలో (సెర్చ్ ఇంజిన్లు ఏవి చదవకూడదో చెప్పేది). కొన్నే పడితే వాటి రీడైరెక్టులు, లేదా అక్కడ తీసేసిన రాత. రాత తిరిగి పెట్టడానికి థీమ్ వెనక్కి తిప్పక్కర్లేదు.

వేగం_ముందు
దీనికి మాత్రం నాదీ అదే జవాబు.