గోళం మీద గీసిన ఇంటర్నెట్ దారిని పిల్లలకు చూపించవచ్చా?

బ్రాడీపేట మాస్టారు:
గుంటూరులోని మా కళాశాల విజ్ఞాన ప్రదర్శనలో గత శనివారం విద్యార్థులు ఒక భూగోళాన్ని తెర మీద తిప్పి చూపించారు. విజయవాడలోని ఒక విద్యార్థి ఇంటి నుంచి జర్మనీలోని ఒక విశ్వవిద్యాలయపు సర్వర్‌కు ట్రేస్‌రూట్ (సమాచారం ఏ యంత్రాల గుండా పోతుందో వరుసగా చూపే ఆదేశం) నడిపి, జవాబిచ్చిన ప్రతి రౌటర్‌నూ, అంటే సమాచారాన్ని ముందుకు పంపే యంత్రాన్ని, చుక్కగా పెట్టి, చుక్కలను వంపు గీతలతో కలిపారు. గీత విజయవాడలో లేచి, హిమాలయాలు దాటి, ఉత్తర ధ్రువం పక్కగా సాగి అమెరికాలోని కాన్సస్‌లో దిగి, అక్కడి నుంచి ఫ్రాంక్‌ఫర్ట్ చేరింది. తల్లిదండ్రులు ఆ గోళం ముందు నుంచి చాలాసేపు కదలలేదు. ఒక మిత్రుడు మాత్రం అది తప్పు బొమ్మ అనీ, చూపించకూడదనీ అక్కడే అన్నారు. మీ అభిప్రాయాలు కోరుతున్నాను.

పట్టిక ఇది. అంకెలు జవాబు తిరిగి రావడానికి పట్టిన కాలం, మిల్లీసెకన్లలో (సెకనులో వెయ్యో వంతు). మొదటిది ఇంటి రౌటర్, 2 మిల్లీసెకన్లు. రెండవది 10తో మొదలయ్యే చిరునామా, 6. మూడవది కాన్సస్, 18. నాలుగు, ఐదు స్థానాల్లో జవాబు రాక నక్షత్రాలు మిగిలాయి. ఆరవది ఫ్రాంక్‌ఫర్ట్, 151.

పటమట ఫైబర్:
మాస్టారూ, మూడవ వరుస మరొకసారి చూడండి. గాజు తీగలో కాంతి సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. వెళ్ళి రావడం కూడా లెక్కించాలి కనుక ఒక మిల్లీసెకనుకు 100 కిలోమీటర్ల దూరమే దక్కుతుంది. 18 మిల్లీసెకన్లలో జవాబిచ్చిన రౌటర్ మనకు 1,800 కిలోమీటర్లకు మించి దూరంలో ఉండడానికి వీలు లేదు. కాన్సస్ ఇక్కడికి దాదాపు 14,000 కిలోమీటర్లు. తీగ తిన్నగా పరిచినా 140 మిల్లీసెకన్లు పట్టాలి. ఆ చుక్క అక్కడ ఉండదు, ఆ గీత ధ్రువం మీదుగా పోలేదు. నేను పదకొండేళ్ళుగా ఈ ఊళ్ళో తీగలు అతికే పని చేస్తున్నాను కనుక చెబుతున్నాను, ఆ బొమ్మను గోడ మీద నుంచి తీసేయండి.

తెనాలి పాఠకుడు:
18 మిల్లీసెకన్ల లెక్క నాకు ఇప్పుడే అర్థమైంది. ధన్యవాదాలు.

బ్రాడీపేట మాస్టారు:
ఒక చుక్క తప్పైనంత మాత్రాన మొత్తం గోళం తప్పు కాదు. భూపటాల్లోనూ ధ్రువ ప్రాంతాలు ఉన్నదానికన్నా పెద్దవిగా కనిపిస్తాయి, అయినా బడిలో వాటిని వేలాడదీస్తున్నాం. ఫ్రాంక్‌ఫర్ట్ చుక్క సరైనదే కదా?

పటమట ఫైబర్:
భూపటంలో గ్రీన్‌లాండ్ పెద్దదిగా కనిపించినా ఉన్న చోటే ఉంటుంది. మీ గోళం మీద రౌటర్ లేని చోట ఉంది. నేను అడుగుతున్నది ఆ 18 గురించే.

మంగళగిరి కోడర్:
ఆ చుక్క ఎక్కడి నుంచి వచ్చిందో చెబుతాను. రౌటర్ పంపే జవాబులో దాని చిరునామా ఉంటుంది కానీ ఊరు ఉండదు. ఆ చిరునామాల గుత్తి ఎవరి పేరున నమోదైందో చూసి, ఊరిని అంచనా వేసే జాబితాలు ఉన్నాయి. అమెరికన్ సంస్థ పేరున ఉన్న చిరునామాకు ఇంకే వివరమూ దొరకకపోతే జాబితా ఆ దేశపు నడిమధ్యన చుక్క పెడుతుంది. అలాంటి జాబితాలు తయారుచేసే మాక్స్‌మైండ్ అనే సంస్థ జాబితాలో చాలాకాలం ఆ చుక్క కాన్సస్‌లోని ఒక పొలం మీద పడింది. 60 కోట్లకు పైగా చిరునామాలు ఆ ఒక్క పొలాన్ని చూపించాయి. మోసగాళ్ళను వెతుక్కుంటూ పోలీసులూ, మోసపోయినవాళ్ళూ ఆ ఇంటి ముందుకు వచ్చేవారని 2016లో పత్రికల్లో వచ్చాక దానిని ఒక జలాశయం మీదికి జరిపారు. మాస్టారి రౌటర్ బహుశా ఆ నీళ్ళ మీదే తేలుతోంది. గూగుల్ వారి 8.8.8.8 వంటి చిరునామాలు ఇంకా కష్టం, ఎందుకంటే ఒకే చిరునామాతో ఎన్నో నగరాల్లోని యంత్రాలు జవాబిస్తాయి. దానికి ఒకే చుక్క పెట్టడమే కుదరదు.

బ్రాడీపేట మాస్టారు:
8.8.8.8 మా బొమ్మలో లేదు. దాని చర్చ ఇక్కడ వద్దు.

లక్ష్మీపురం విద్యార్థిని:
ఆ ట్రేస్‌రూట్ నడిపినది నేనే. మూడవ రౌటర్ పేరులో ‘ఎంఏఏ’ అని ఉంది. అది దేనికి గుర్తు?

పటమట ఫైబర్:
అమ్మా, అది చెన్నై విమానాశ్రయపు గుర్తు. రౌటర్లకు పేరు పెట్టేవారు చాలామంది ఈ మూడక్షరాలే వాడతారు. ముంబైకి ‘బీఓఎం’, సింగపూర్‌కు ‘ఎస్ఐఎన్’. మీ రౌటర్ చెన్నైలో ఉందనుకుంటే 18 సరిగ్గా సరిపోతుంది. పేర్లు కూడా పాతబడిపోవచ్చు, రౌటర్‌ను మరో ఊరికి మార్చి పేరు మార్చడం మరిచిపోతారు. అందుకే పేరునూ కాలాన్నీ కలిపి చూడాలి. చెన్నై నుంచి ఐరోపాకు ధ్రువం మీదుగా తీగ లేదు. పడమటి దారిన పోతే అరేబియా సముద్రం, ఎర్ర సముద్రం, ఈజిప్టు దాటి మధ్యధరా సముద్రంలో పడాలి. 2008 జనవరి చివర ఈజిప్టులోని అలెగ్జాండ్రియా దగ్గర సముద్రంలోని తీగలు తెగినప్పుడు మన దేశంలో ఇంటర్నెట్ ఎంత నెమ్మదించిందో మాస్టారికి గుర్తుండే ఉంటుంది. ఆ గోళం చూసిన పిల్లవాడికి ఈజిప్టుతో మనకేం పని అనిపిస్తుంది.

బ్రాడీపేట మాస్టారు:
మీకు తెలిసినవన్నీ పిల్లలకు ముందే తెలిసి ఉండాలని మీరు పట్టుబడుతున్నారు. నేను ఇరవై ఏళ్ళు నల్లబల్ల మీద మేఘం బొమ్మ గీసి, దాని లోపల ఇంటర్నెట్ అని రాసి పాఠం చెప్పాను. మౌఖిక పరీక్షలో అడిగితే సగం మంది ఉపగ్రహం ద్వారా వస్తుందని చెప్పేవారు. నిన్న గోళం చూసిన పిల్ల మొదటిసారి, ‘సముద్రం దాటేటప్పుడు దేని మీద వెళుతుంది సార్?’ అని అడిగింది. ఆ ఒక్క ప్రశ్న రావడానికి నాకు ఇన్నేళ్ళు పట్టింది.

పటమట ఫైబర్:
ఆ ప్రశ్నకు మీ బొమ్మ ఇచ్చిన జవాబు ఉత్తర ధ్రువం.

ఉండవల్లి:
ఇద్దరూ కాస్త నెమ్మదించండి.

బ్రాడీపేట మాస్టారు:
నెమ్మదిగానే ఉన్నాను, కానీ ఈ మాట చెప్పకుండా ఉండలేను. మూడేళ్ళ క్రితం ముప్పై మంది పిల్లలను ఒక సంస్థ పరికరాల గదికి తీసుకువెళ్ళడానికి అనుమతి కోరాను. రెండు ఉత్తరాలు రాశాను, గేటు దగ్గర గంటన్నర నిలబడ్డాం, లోపలికి రానివ్వలేదు. మీ రంగం వారు తలుపులు మూసుకుంటారు. మేము కిటికీ గీసుకుంటే అది వంకరగా ఉందని కోప్పడతారు.

పటమట ఫైబర్:
తలుపు మూసినది నేను కాదు మాస్టారూ, ఆ గదిలోకి నన్ను కూడా పని ఉన్న రోజే రానిస్తారు. మీ కిటికీ వల్ల ఏం జరిగిందో నేనూ చెబుతాను. సత్యనారాయణపురంలో ఒకాయన ఇలాంటి గోళం బొమ్మను కాగితం మీద ముద్రించి తెచ్చారు. ఆయన విజయవాడ నుంచి గుంటూరులోని పిల్లలకు పాఠాలు చెబుతారు. మాటలు ఆగి ఆగి వినపడుతున్నాయని ఫిర్యాదు. నేను తప్పు వెతికి, మిద్దె మీద ఎలుక కొరికిన తీగ మార్చాను. ఆయన మాత్రం ఆ కాగితం చూపించి, ‘గుంటూరుకు పోవలసిన దానిని అమెరికాకు పంపుతున్నారు, మీ మోసం ఇందులో ఉంది’ అని పదిమందిలో అన్నారు. కనెక్షన్ తీసేశారు, మా యజమాని ఆ నెల నా జీతంలో కోత పెట్టారు. అప్పుడు కూడా ఆ అమెరికా హాప్ (దారిలో ఒక మజిలీ) పక్కన 20లోపు అంకే ఉంది. అంకె చిన్న అక్షరాల్లో, గీత మెరిసే రంగులో ఉంటే జనం దేనిని నమ్ముతారు?

బ్రాడీపేట మాస్టారు:
ఆ సంగతి నాకు తెలియదు. అది అన్యాయమే. అయినా నా మాట మార్చుకోను. ముందు పిల్లవాడికి మొత్తం దారి ఒకటి కనిపించాలి, తరువాత దిద్దుకుంటాడు. ఏమీ గీయని గోళం ముందు ఎవరూ నిలబడరు.

పటమట ఫైబర్:
మన తేడా ఇక్కడే ఉంది, కాన్సస్‌లో కాదు. మీరు తరువాత దిద్దుకుంటారంటున్నారు. ప్రదర్శన చూసి ఇంటికి పోయినవాళ్ళు మీ రెండో పాఠానికి రారు, నా దగ్గరికి వస్తారు. తెలియని చోట తెలియదని బొమ్మ మీదే కనిపించాలి. నక్షత్రాలు వచ్చిన రెండు హాప్‌లను మీ బొమ్మ చూపకుండా దాటేసింది. కొన్ని నెట్‌వర్క్‌లు లోపలి రౌటర్లను లెక్కకే రానివ్వవు, అవి నక్షత్రాలుగా కూడా కనపడవు. 10తో మొదలయ్యే చిరునామాను దేశంలో ఎవరైనా తమ లోపల వాడుకోవచ్చు, దానికి ఊరే ఉండదు. జవాబు తిరిగి వచ్చిన దారి వెళ్ళిన దారే కానక్కర లేదు. వీటిలో ఏదీ మీ గీతలో లేదు.

మంగళగిరి కోడర్:
చుక్క బదులు వలయం గీయవచ్చు కదా? విజయవాడ కేంద్రంగా 1,800 కిలోమీటర్ల వలయం గీస్తే చెన్నై, ముంబై, ఢిల్లీ, కొలంబో లోపల పడతాయి. సింగపూర్ బయటే ఉంటుంది. రౌటర్ ఈ వలయంలో ఎక్కడో ఉందని మాత్రమే చెబుతాం.

పటమట ఫైబర్:
అది గరిష్ఠ దూరం మాత్రమేనని పక్కన రాయాలి. తీగలు తిన్నగా పోవు, రౌటర్లు జవాబివ్వడంలో కూడా ఆలస్యం చేస్తాయి. అసలు దూరం అందులో సగమైనా కావచ్చు.

లక్ష్మీపురం విద్యార్థిని:
నిన్న రాత్రి వలయం గీసి చూశాను. ఆరవ హాప్‌కు 15,100 కిలోమీటర్ల వలయం వచ్చి దాదాపు గోళమంతా కప్పేసింది. ఫ్రాంక్‌ఫర్ట్ అని కాలాన్ని బట్టి చెప్పడం కుదరలేదు సార్, అది కూడా జాబితా చెప్పిన మాటే.

బ్రాడీపేట మాస్టారు:
అమ్మాయీ, ఆ వలయం అలాగే ఉంచు. సోమవారం రెండు బొమ్మలనూ పక్కపక్కన పెడదాం. పటమట వారు వచ్చి నిలబడి చెబితే పిల్లలు నా మాటకన్నా బాగా వింటారు. రాగలరా?

పటమట ఫైబర్:
సోమవారం ఉదయం కృష్ణలంకలో అతుకు పని ఉంది, మూడు తరువాత రాగలను. తెగిన తీగ ముక్క ఒకటి తెస్తాను, పిల్లలు చేత్తో పట్టుకుని చూస్తారు. ధ్రువం గీత ఉన్న బొమ్మ మీద మాత్రం తప్పు అని పెద్ద అక్షరాలతో రాసి ఉండాలి.

బ్రాడీపేట మాస్టారు:
తప్పు అని రాయను. ‘18 మిల్లీసెకన్లలో ఇది సాధ్యమా?’ అని రాస్తాను.

పటమట ఫైబర్:
అది చాలదు. వచ్చాక మాట్లాడదాం.