ఎనిమోన్ తెల్లబడితే తప్పు వేడిదా, లైటుదా?

కొత్తట్యాంకు: మా ఉప్పునీటి అక్వేరియంలో నీళ్లు 31 డిగ్రీలకు చేరాక బబుల్ టిప్ ఎనిమోన్ (పువ్వులా కనిపించే మెత్తటి సముద్రజీవి) గోధుమరంగు పోయి తెల్లబడింది. ఒకరు నీళ్లు చల్లబరిచే చిల్లర్ కొనమంటున్నారు, ఇంకొకరు లైటు పెంచమంటున్నారు. ముందు ఏది చేయాలి?

ఉప్పునీళ్లు: చిల్లరే. ఎనిమోన్ ఒంట్లో ఉండి దానికి రంగు, తిండి ఇచ్చే శైవలాలు (సూక్ష్మమైన నాచు) వేడికి దెబ్బతిని, కణాలను కాల్చేసే ఆక్సిజన్ రూపాలు వదులుతాయి. ఎనిమోన్ వాటిని బయటికి నెట్టేస్తుంది. పగడాల్లో జరిగేదీ ఇదే. 26కి దించండి, రోజుకో డిగ్రీ చొప్పున. ఐసు నేరుగా వేయకండి, ఉప్పు పలచబడుతుంది.

దిబ్బలవాడు: వేడి ఒక్కటే అంటే సగం మాటే. ఆ ఆక్సిజన్ విషం ఎక్కువగా పుట్టేది వెలుతురు పడ్డప్పుడు. అందుకే ఒకే పగడంలో ఎండ తగిలే పైభాగం తెల్లబడ్డా, నీడలో ఉన్న అడుగుభాగం రంగు నిలుపుకుంటుంది. లైటు పెంచొద్దు. సగానికి తగ్గించి, రంగు తిరిగొచ్చేకొద్దీ కొన్ని వారాల మీద పెంచండి.

గాలిమర: చిల్లర్ కొనేదాకా నీటి మీదకి ఫ్యాన్ పెట్టండి. హైదరాబాద్ పొడిగాలిలో బాగా దిగుతుంది, విశాఖ ఉక్కపోతలో అంత దిగదు. ఆవిరైనంత ఆర్‌ఓ నీళ్లు రోజూ పోసి సాంద్రత 1.025 దగ్గర ఉంచండి.

ఉప్పునీళ్లు: లైటు మార్చలేదు, వేడి పెరిగింది, తెల్లబడింది. ఇంకా లైటు గోలెందుకు? 31 దాటితే రంగు పోతుంది, అంతే.

దిబ్బలవాడు: ఆ 31 అన్నిచోట్లా చెల్లదు. పర్షియన్ గల్ఫ్ పగడాలు 34 దాటినా నిలబడతాయి. నోవా (అమెరికా ప్రభుత్వ సముద్ర, వాతావరణ సంస్థ) వాళ్లు లెక్కకట్టేది ఆ చోట అత్యంత వేడి నెల సగటుకు ఎంత పైన ఉంది, ఎన్ని వారాలు ఉంది అని. ఒక డిగ్రీ, ఆపైన పెరిగిన వేడిని 12 వారాల మీద కూడుతారు. ఆ మొత్తం డిగ్రీ-వారాల్లో 4 దాటితే తెల్లబడటం, 8 దాటితే చావులు. ట్యాంకులోనూ ఒక్క మధ్యాహ్నపు వేడి వేరు, పది రోజుల వేడి వేరు.

నీటిపరీక్ష: తెల్లబడింది అంటే చచ్చింది అని కాదు. నోరు మూసుకుని, పాదం అంటుకుని ఉంటే బతికే ఉంది. మిరియం గింజంత రొయ్య ముక్క వారానికి రెండుసార్లు పెట్టండి. కక్కేస్తే ఇంకా చిన్నది. నోరు తెరిచి, కండ జారి, కుళ్లు వాసనొస్తే వెంటనే తీసేయండి, లేకపోతే అమ్మోనియా ట్యాంకంతా చంపుతుంది. పాదం వదిలి తిరుగుతుంటే పంపు నోటికి జాలీ కట్టండి.

ఉప్పునీళ్లు: లెక్కలు చెప్పినంత మాత్రాన ఎవరి ట్యాంకూ చల్లబడదు. కొత్తవాళ్లను బెదరగొట్టకండి.

దిబ్బలవాడు: బెదిరించడం కాదు, అసలు విషయం చెబుతాను. తెల్లబడిన వాటినే ‘ప్యూర్ వైట్’ అని ఎక్కువ ధరకు అమ్ముతున్నారు, మీరు ఇక్కడ మెచ్చుకుంటున్నారు. పసిఫిక్ దీవి మూరియాలో 2016 వేడికి ఎనిమోన్లు తెల్లబడితే వాటిలోని క్లౌన్ చేపల సంతానం 73 శాతం పడిపోయింది. అలా నలిగిన పగడపు దిబ్బల నుంచి ఎనిమోన్లు పీకి తేవద్దంటాను.

ఉప్పునీళ్లు: అదీ మీ మనసులో మాట! అభిరుచే మానేయమంటున్నారు.

దిబ్బలవాడు: మానొద్దు. బబుల్ టిప్ ట్యాంకులోనే రెండుగా చీలుతుంది. ఆ పిల్లను పక్క ట్యాంకువాళ్ల దగ్గర తీసుకోండి.

ఉప్పునీళ్లు: కార్పెట్ ఎనిమోన్ అలా చీలదే, దానికేం చేయమంటారు?

దిబ్బలవాడు: కొనకండి.