సోషియాలజీ పీహెచ్‌డీ: అమెరికా దరఖాస్తులూ యూజీసీ నెట్టూ డిసెంబరులోనే మీద పడ్డాయి, ఏది ముందు?

పద్మావతిపురం అమ్మాయి (తిరుపతి)

అన్నలకు, అక్కలకు నమస్కారం. ఎంఏ సోషియాలజీ రెండో సంవత్సరం. ఇప్పుడు సెప్టెంబరు మొదటి వారం. అమెరికాలో పద్నాలుగు డిపార్ట్‌మెంట్ల పేర్లు రాసిపెట్టుకున్నాను, గడువులన్నీ డిసెంబరు 1 నుంచి 15 లోపే. ఇక్కడ చూస్తే యూజీసీ నెట్ (అసిస్టెంట్ ప్రొఫెసర్ అర్హతకు, పీహెచ్‌డీకి రాసే జాతీయ పరీక్ష) డిసెంబరు విడత. ఎస్ఓపీ (ఏం పరిశోధిస్తానో, ఎందుకో చెప్పే వ్యాసం) నాలుగుసార్లు మొదలుపెట్టి చెరిపేశాను. రెకమెండేషన్ లేఖలు మూడు కావాలంట. ఒక సారు 'నువ్వే రాసుకొని రామ్మా, నేను పంపిస్తా' అన్నారు. పాస్‌పోర్టులో పేరు ఒక రకం, టెన్త్ మెమోలో ఇంకో రకం. రాత్రి మూడింటికి మెలకువొచ్చి వెబ్‌సైట్లు చూస్తా కూర్చుంటాండాను. పద్నాలుగూ వేయాలా? నెట్ వదిలేయాలా? డిగ్రీ దాకా తెలుగు మీడియమే, అదీ చెప్పాలా?

మామిడితోపు (చిత్తూరు)

అమ్మా, ముందు ఆ పద్నాలుగును ఆరేడుకు దించు. ఫీజు ఒక్కోదానికి వంద డాలర్లకు అటూ ఇటూ ఉంటుంది, అదొక కారణం. అసలు కారణం వేరే. ఎస్ఓపీ ఆఖరి భాగం ప్రతి డిపార్ట్‌మెంటుకూ కొత్తగా రాయాలి. పద్నాలుగు రాస్తే అన్నీ నీళ్ల మజ్జిగ అవుతాయి.

దించేటప్పుడు ర్యాంకులు చూడొద్దు. డిపార్ట్‌మెంటు అధ్యాపకుల పేజీ తెరిచి, నీ ప్రశ్నకు దగ్గరగా పనిచేసేవాళ్లు ఎంతమంది ఉన్నారో లెక్కపెట్టు. ఇద్దరికి తక్కువైతే కొట్టెయ్. ఒక్కరే ఉంటే, ఆ మనిషి వేరే చోటికి పోయిన రోజు నీ ఐదారేళ్ల చదువు గాల్లో పడుతుంది. పేరు పక్కన 'ఎమెరిటస్' అని ఉంటే రిటైరైనట్టు, లెక్కలోకి తీసుకోవద్దు. ఇంకో తప్పు కూడా చాలామంది చేస్తారు: పేజీలో 'ఇండియా' అని వెతుకుతారు. అక్కడి సోషియాలజీ డిపార్ట్‌మెంట్లలో మన దేశం మీద పనిచేసేవాళ్లు బహు తక్కువ. దేశాన్ని కాదు, ఉపశాఖను వెతకాలి: ఎకనామిక్ సోషియాలజీ, శ్రమ, వ్యవసాయం, రాజకీయాలు. అడ్మిషన్ల పేజీ కూడా ఒకసారి చూడు. నిధుల గందరగోళంతో 2025లో కొన్ని విశ్వవిద్యాలయాలు పీహెచ్‌డీ సీట్లు తగ్గించాయి, కొన్ని విభాగాలు ఆ విడతకు అడ్మిషన్లే ఆపేశాయి. మూసిన తలుపు దగ్గర నెల పోగొట్టుకోవద్దు.

ఇక ఎస్ఓపీ. నాలుగుసార్లు చెరిపేశావంటే మొదటి పేరా దగ్గరే చిక్కుకున్నట్టుంది. 'చిన్నప్పటి నుంచి సమాజమంటే ఆసక్తి' అని మొదలుపెడితే అది ఎవరిదైనా కావచ్చు. 'పేదలకు సేవ చేయాలని' అని రాస్తే చదివేవాళ్లు నిన్ను సోషల్ వర్క్ వైపు లెక్కేస్తారు. కమిటీ చూసేది ఒకటే, నీ దగ్గర చిక్కుముడి ఉందా లేదా అని.

మన జిల్లాదే ఒకటి చెప్తా. 2025లో తోతాపురి మామిడి ధర పడిపోయి గుజ్జు ఫ్యాక్టరీల ముందు ట్రాక్టర్లు బారులు తీరాయి. కిలోకు ఫ్యాక్టరీలు 8 రూపాయలు, ప్రభుత్వం 4 రూపాయలు ఇవ్వాలని నిర్ణయమైంది. దీన్ని 'మామిడి రైతుల కష్టాలు' అని రాస్తే పేపరు వార్త. 'ధర అందరికీ ఒకటేగా నిర్ణయించినప్పుడు గేటు లోపలికి ముందు ఎవరి బండి పోయింది? బంధుత్వమా, కులమా, మండీలో ఉన్న అప్పా, ఏది వరసను మార్చింది?' అని అడిగితే సోషియాలజీ. మార్కెట్టు మనుషుల సంబంధాల్లో ఇమిడి ఉంటుందని అమెరికా సోషియాలజిస్టు మార్క్ గ్రానొవెటర్ 1985లో చేసిన వాదన ఒకటుంది. ధర స్థిరంగా ఉండి వరస మాత్రం మారిందంటే ఆ వాదనకు అది మంచి పరీక్ష. అప్పుడు తోతాపురి అనే మాట ఎప్పుడూ వినని ప్రొఫెసరుకు కూడా నీ పని ఎందుకు పనికొస్తుందో అర్థమవుతుంది. తోతాపురి అంటే గుజ్జుకు వాడే రకమని ఒక్క వాక్యంలో చెప్పి ముందుకు పో. మామిడి గురించి ఒక పేజీ రాయొద్దు.

ఆ వెంటనే 'ఎట్లా తెలుసుకుంటావు' అనే దానికి జవాబు ఉండాలి: ఎవరిని అడుగుతావు, ఏ రిజిస్టర్లు చూస్తావు, ఒకే ఊళ్లో ఇద్దరు రైతుల్ని ఏ లెక్కన పోల్చుతావు. 'క్షేత్ర పరిశోధన చేస్తాను' అంటే చాలదు.

ఎక్కువ చోట్ల రెండు పేజీలు, సుమారు వెయ్యి పదాలు. నా లెక్కన చిక్కుముడికి 250, ఇప్పటిదాకా చేసిన పనికి (ఎంఏలో రాసిన పరిశోధన వ్యాసం, అదే డిసర్టేషన్, ఇక్కడ) 300, ముందు చేయబోయేదానికి 250, ఆ డిపార్ట్‌మెంటే ఎందుకు అనేదానికి 200. తెలుగు మీడియం సంగతి ఎస్ఓపీలో వద్దు. చాలాచోట్ల 'పర్సనల్ హిస్టరీ స్టేట్‌మెంట్' అని వేరే కాగితం అడుగుతారు, అది దానికి. అక్కడ జాలి కోసం కాకుండా, రెండు భాషల్లో చదవడం వల్ల నీకేం కనబడిందో రాయి. తెలుగులో ఇంటర్వ్యూ చేసి ఇంగ్లీషులో విశ్లేషించగలగడం ఈ శాస్త్రంలో గొప్ప బలం.

కన్సల్టెన్సీ వాళ్ల చేత ఎస్ఓపీ రాయించొద్దు. వాళ్ల చేయి ఇంజినీరింగ్ ఎంఎస్‌కు అలవాటు పడింది.

గాంధీరోడ్డు (తిరుపతి)

కాగితాల సంగతి నేను చెప్తా, ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే.

'నువ్వే రాసుకొని రా' అనే లేఖ తీసుకోవద్దమ్మా. నిజాయితీ మాట అటుంచు. నీ ఎస్ఓపీ, ఆ లేఖ ఒకే చేతి రాతని చదివేవాళ్లకు రెండు పేరాల్లో తెలిసిపోతుంది. ముగ్గురు సార్లకూ నువ్వే రాస్తే మూడూ ఒకేలా ఉంటాయి, మొత్తం ఫైలు మీదే నమ్మకం పోతుంది. సారుకు నిజంగా లేనిది తీరిక. కాబట్టి ఒక పేజీ వివరాల కాగితం చేసివ్వు: ఆయన దగ్గర ఏ పేపర్లు చదివావు, ఎన్ని మార్కులు, సెమినారులో ఏ అంశం మాట్లాడావు, డిసర్టేషన్‌లో ఏ అధ్యాయానికి ఆయన ఏ సవరణ చెప్తే నువ్వేం మార్చావు. ఆఖరిది చాలా ముఖ్యం. 'తెలివైన, కష్టపడే విద్యార్థిని' అనే లేఖ ఎవరికైనా సరిపోతుంది. 'నేను అడిగిన ప్రశ్నకు మళ్లీ ఊరికి పోయి పన్నెండు ఇంటర్వ్యూలు చేసి వచ్చింది' అనేది నీ ఒక్కదానికే సరిపోతుంది. సారు మాటల్లో చెప్పింది నువ్వు టైపు చేసిపెట్టడం వరకైతే పరవాలేదు.

అడగడం ఈ నెలలోనే. లింకు మాత్రం దరఖాస్తు ఫారంలో సారు మెయిల్ ఐడీ వేస్తేనే ఆయనకు పోతుంది. అది అక్టోబరు ఆఖరుకు పోవాలి, డిసెంబరు 14న కాదు. విశ్వవిద్యాలయం మెయిలే వేయి. జీమెయిల్ ఐడీలను కొన్నిచోట్ల ఒప్పుకోరు. స్పామ్‌లో చూడమని ఫోన్ చేసి చెప్పు. 'లేఖ చూసే హక్కు వదులుకుంటున్నావా' అనే ప్రశ్నకు అవునని టిక్ పెట్టు. వదులుకోని లేఖను అక్కడ అంతగా నమ్మరు.

మార్కులను అమెరికా వాళ్ల 4.0 గ్రేడు లెక్కలోకి నువ్వు మార్చొద్దు. శాతమో, సీజీపీఏనో మెమోలో ఎట్లా ఉంటే అట్లా వేయి. చాలా డిపార్ట్‌మెంట్లు దరఖాస్తు దశలో మెమోల స్కాన్ చాలంటాయి, సీలు వేసిన ట్రాన్‌స్క్రిప్టు సీటొచ్చాకే అడుగుతాయి. అయినా పరీక్షల విభాగంలో ట్రాన్‌స్క్రిప్టుకు ఇప్పుడే పెట్టుకో, అక్కడి ఆలస్యం నీ చేతిలో ఉండదు. జీఆర్ఈ అనే ప్రవేశ పరీక్షను సోషియాలజీలో చాలాచోట్ల తీసేశారు. నీ ఆరేడింట్లో ఎవరూ అడగకపోతే ఆ డబ్బు మిగుల్చుకో. టోఫెల్, ఐఈఎల్‌టీఎస్ ఇంగ్లీషు పరీక్షల స్కోర్లు రెండేళ్లు చెల్లుతాయి.

పేరు: అమెరికా దరఖాస్తుల్లో, టోఫెల్‌లో పాస్‌పోర్టులో ఉన్న అక్షరాలే. నెట్‌కు టెన్త్ మెమోలో ఉన్నట్టు. ఈ రెండింటినీ కలపొద్దు. రెండు పేర్లూ ఒక మనిషివే అని నోటరీ అఫిడవిట్ ఒకటి చేయించి స్కాన్ పెట్టుకో. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉంటే వీసా దాకా చిక్కే, దాన్ని ఇప్పుడే సరిచేయించుకో.

డబ్బు: డెబిట్ కార్డులో అంతర్జాతీయ లావాదేవీలు ఆపి ఉంటాయి, బ్యాంకు యాప్‌లో తెరవాలి. రూపే కార్డు చాలాచోట్ల పనిచేయదు. ఫీజు కట్టలేనంటే గ్రాడ్యుయేట్ అడ్మిషన్ల ఆఫీసుకు అక్టోబరులోనే మెయిల్ పెట్టి మినహాయింపు అడుగు. కట్టేశాక తిరిగి ఇవ్వరు.

గడువు రాత్రి 11:59 అంటే అమెరికా తూర్పు సమయమైతే మనకు మరుసటి రోజు పొద్దున 10:29. కాలిఫోర్నియా సమయమైతే మధ్యాహ్నం 1:29. ఆ లెక్క ధైర్యానికి ఉంచుకో, పంపడం మాత్రం రెండు రోజుల ముందే.

పద్మావతిపురం అమ్మాయి

అక్కా, అన్నా, చాలా థ్యాంక్స్. ఇంకో మాట. ప్రొఫెసర్లకు పదకొండు మెయిళ్లు పెట్టాను, ఒక్కదానికే జవాబొచ్చింది. అంటే వాళ్లకు నేను అక్కర్లేదనా? నెట్ సంగతి ఎవరూ చెప్పలేదు.

మామిడితోపు

కాదమ్మా. అమెరికా సోషియాలజీలో పీహెచ్‌డీ సీటు కమిటీ ఇస్తుంది, ఒక ప్రొఫెసరు కాదు. జవాబు రాలేదంటే మెయిల్ చూడలేదనో, తీరిక లేదనో తప్ప వేరే అర్థం వెతకొద్దు. బ్రిటన్‌లోనైతే చాలాచోట్ల గైడు ముందే ఒప్పుకోవాల్సి ఉంటుంది, ఆ పద్ధతి విని ఇక్కడ బెంగపడతారు చాలామంది. ఇక మెయిళ్లు ఆపేయ్.

నెట్ గది (శ్రీకాళహస్తి)

నెట్ వదలొద్దు. అమెరికా గడువులు డిసెంబరు 15కు అయిపోతాయి. డిసెంబరు విడత పరీక్ష ఈ మధ్య నెలాఖరుకో, జనవరికో పోతాంది. అంటే రెండూ ఒకే వారంలో పడవు. నోటిఫికేషన్ అక్టోబరు, నవంబరుల్లో వస్తుంది, ఆ ఒక్క పని మర్చిపోకు.

ఆఖరి సంవత్సరంలో ఉన్నవాళ్లూ రాయొచ్చు, ఫలితం వచ్చిన రెండేళ్లలోపు ఎంఏ పూర్తి కావాలి. ఎంఏలో 55 శాతం, రిజర్వేషన్ ఉన్నవాళ్లకు 50. సోషియాలజీ కోడ్ 05. పేపర్ 1లో 50 ప్రశ్నలు, పేపర్ 2లో 100, ఒక్కోటి 2 మార్కులు, రెండూ కలిపి 3 గంటలు. నెగటివ్ మార్కులు లేవు, కాబట్టి 150కీ జవాబు పెట్టాల్సిందే. ఖాళీ వదిలితే నీకే నష్టం.

2024 జూన్ నుంచి ఫలితం మూడు రకాలుగా వస్తాంది: జేఆర్ఎఫ్ (పరిశోధనకు నెలనెలా ఇచ్చే ఫెలోషిప్), అసిస్టెంట్ ప్రొఫెసర్ అర్హతతో పాటు పీహెచ్‌డీ చేరిక, పీహెచ్‌డీ చేరికకు మాత్రమే. వెనక రెండు రకాలకు నెట్ మార్కులకు 70 శాతం, ఇంటర్వ్యూకు 30 శాతం వెయిటేజీ, ఆ మార్కులు పీహెచ్‌డీ చేరికకు ఏడాదే చెల్లుతాయి. జేఆర్ఎఫ్ వస్తే మొదటి రెండేళ్లు నెలకు 37,000.

తెలుగు మీడియం వాళ్లు దెబ్బతినేది పేపర్ 2లో. ప్రశ్నలు ఇంగ్లీషు, హిందీల్లోనే ఉంటాయి. 'సామాజిక స్తరీకరణ' బాగా తెలిసినా 'సోషల్ స్ట్రాటిఫికేషన్' చూసి అర సెకను ఆగితే, వంద ప్రశ్నల్లో ఆ అర సెకన్లు పోగవుతాయి. తెలుగు అకాడమీ పుస్తకంలో అర్థం చేసుకో, పక్కన నోటుబుక్కులో ఇంగ్లీషు మాట రాసుకో. పునాది వేసిన డర్కైమ్, వెబర్, మార్క్స్ ముందు, తరవాత మన దేశం వాళ్లు ఎం.ఎన్. శ్రీనివాస్, ఎస్.సి. దూబే. దూబే 1955లో అచ్చేసింది హైదరాబాదు దగ్గరి శామీర్‌పేట మీద చేసిన అధ్యయనం, మన నేల కాబట్టి గుర్తుంటుంది. జతపరచే ప్రశ్నలు, కాలక్రమం ప్రశ్నలు ఎక్కువ వస్తాయి, సంవత్సరాలు పట్టిక వేసుకో. నవంబరు దాకా రోజుకు గంటన్నర చాలు, డిసెంబరు 15 తరవాత పూర్తిగా దీని మీద కూర్చో.

ఓబీసీ అయితే రాష్ట్ర బీసీ సర్టిఫికెట్ చాలదు, కేంద్ర నమూనాలో నాన్ క్రీమీలేయర్ కావాలి. మీ కులం కేంద్ర జాబితాలో ఉందో లేదో చూసుకొని, సచివాలయంలో ఈ నెలలోనే పెట్టుకో.

అలిపిరి (తిరుపతి)

అందరూ కాగితాలే చెప్పారు, మూడింటి మెలకువ సంగతి ఎవరూ ఎత్తలేదు. రాత్రిపూట వెబ్‌సైటు చూడటం పనిచేసినట్టు అనిపిస్తుంది, పని మాత్రం జరగదు. పైగా చూసిన ప్రతి పేజీ ఇంకో అనుమానం ఇచ్చిపోతుంది. ఆరేడు డిపార్ట్‌మెంట్లనూ కాగితం మీద ఒక పట్టిక వేయి: గడువు, ఎస్ఓపీ పొడవు, రైటింగ్ శాంపుల్ (నీ పరిశోధన రాతకు నమూనా) పేజీలు, లేఖలు, ఫీజు. అది రాశాక మళ్లీ వెబ్‌సైటు తెరవాల్సిన పని లేదు, కాగితం చూస్తే చాలు. ఫోను వేరే గదిలో పెట్టి పడుకో. జనవరి ఆఖరు నుంచి మార్చి దాకా ఫలితాలు వచ్చేటప్పుడు, ఎవరికి సీటొచ్చిందో రాసే సైట్లు ఇంకా హింస పెడతాయి, వాటిని ఇప్పుడే బ్లాక్ చెయ్.

ఇంట్లో వాళ్లకు 'చూద్దాం' అని చెప్పొద్దు, తేదీ చెప్పు: 'ఏప్రిల్ 15కల్లా తేలిపోతుంది.' సీటిచ్చిన అమెరికా విశ్వవిద్యాలయాల్లో చాలావరకు ఆ రోజు దాకా నీ జవాబు కోసం ఆగుతాయి. సీట్లు ఒక్కో డిపార్ట్‌మెంటులో పది లోపే ఉండేవి చాలా, వచ్చే దరఖాస్తులు వందల్లో. రాకపోతే నీలో లోపమని కాదు, నీ ప్రశ్న ఆ ఏడాది ఆ కమిటీకి కుదరలేదని. ఇది నేను ఓదార్పుకు చెప్పడంలేదు, ఎంపిక జరిగే తీరే అది.

రెండు వారాలు దాటినా నిద్ర లేకపోయినా, తిండి సహించకపోయినా 14416కు ఫోన్ చెయ్. అది టెలీ మానస్, ప్రభుత్వ మానసిక సహాయ లైను, డబ్బు అక్కర్లేదు, తెలుగులో మాట్లాడతారు. తిరుపతి రుయా ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది, ఓపీకి పోవడానికి మొహమాటపడొద్దు తల్లీ.

పద్మావతిపురం అమ్మాయి

పట్టిక వేశాను. పద్నాలుగులో ఆరు మిగిలాయి, కొట్టేసినవాటిలో రెండింట్లో ఈ ఏడాది అడ్మిషన్లే లేవంట! రైటింగ్ శాంపుల్ 20 పేజీలు అడుగుతాండారు, నా డిసర్టేషన్ 84 పేజీలు. ఎట్లా కోయాలి?

మామిడితోపు

కోయొద్దు, ఎత్తి తీయి. డేటా ఉన్న అధ్యాయం ఒకటే తీసుకో. పాత పుస్తకాల సమీక్ష అధ్యాయం వద్దు, అందులో నీ గొంతు ఉండదు. ముందు రెండు పేజీలు కొత్తగా రాయి: ప్రశ్న ఏంది, ఎక్కడ చేశావు, ఎంతమందితో మాట్లాడావు. ఆ తరవాత అధ్యాయం, ఆఖర్న ఒక పేజీ. ఇంటర్వ్యూ మాటలు తెలుగువైతే నీ అనువాదమే అని అడుగున రాయి. మనుషుల పేర్లు, ఊరి పేరు మార్చావా చూసుకో. డిసర్టేషన్‌లో అసలు పేర్లు వదిలేసి అట్లే పంపేవాళ్లు ఉంటారు, అక్కడ చదివేవాళ్లకు మొదట కంట్లో పడేది అదే.

ఈ ఆదివారానికి ఆ రెండు పేజీలు రాసి ఇక్కడ పెట్టు, చూస్తాం.